నేను వేసిన ముడి కాదది

రిటైరయ్యాక కూడా నర్సింగ్ పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడ్డానికి వస్తుంటారు. ఉప్పల్‌లో మెట్రో దిగి, ఆటో పట్టుకుని, మా సందు దొరక్క నాలుగుసార్లు ఫోన్ చేసి, చివరికి గేటు ముందుకు వచ్చేసరికి వాళ్ళ ముఖాలు వాడిపోయి ఉంటాయి. మంచినీళ్ళిస్తాను, టీ పెడతాను, జీతాల గురించి వాళ్ళు చెప్పుకునే ఏడుపంతా వింటాను. ఆ తర్వాత అందరూ అడిగేది ఒకటే ప్రశ్న. "మేడమ్, ఒకేసారి అంతమంది మీద పడితే ముందు ఎవర్ని చూడాలి?"

దానికి పుస్తకంలో సమాధానం ఉంది. ఊపిరి ఎలా ఉంది, రక్తం పోతోందా, మనిషికి తెలివి ఉందా అని చూసి, ఒక్కొక్కరికీ ఒక రంగు ఇస్తాం. ఎరుపు అంటే ఇప్పుడే చూడాలి. పసుపు అంటే కాసేపు ఆగవచ్చు గానీ కంటిముందు ఉంచుకోవాలి. ఆకుపచ్చ అంటే నడవగలడు, కూర్చోగలడు, ఆగగలడు. నలుపు సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఆ పద్ధతి తప్పని నేను ఎప్పుడూ అనను. దాన్ని నమ్ముకునే అన్నేళ్ళు కాజువాలిటీలో నిలబడ్డాను. కాకపోతే ఆ పుస్తకం రాసినవాళ్ళకు మా వైపు అత్తగారొకావిడ ఎదురుపడలేదు. ఆమె సంగతి మీలాంటి నర్సింగ్ పిల్లల కోసం నేను రాస్తాను.

నేను పనిచేసింది ఉప్పల్‌కూ నాచారానికీ మధ్యనున్న ఒక మధ్యరకం ఆసుపత్రి. పేరెందుకు, వదిలేయండి. మా నాన్న రైల్వే ఉద్యోగం మీద గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను పుట్టి పెరిగింది మౌలాలి రైల్వే క్వార్టర్స్‌లో. ఇంట్లో ఒక తెలుగు, గడప దాటితే ఇంకో తెలుగు. ఆ రెండూ రావడం నా సర్టిఫికెట్లన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది. ఇక నా నోటి సంగతి మీరు వినే ఉంటారు. చాటున నన్ను 'మిర్చి సిస్టర్' అనేవారు. ఆ పేరు పెట్టింది రోగుల్ని మోసే మా స్ట్రెచర్ అన్న అని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు. మేమిద్దరం ఆ విషయం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆ సంఘటనకు కొన్ని నెలల ముందు మా దగ్గర మాక్ డ్రిల్ పెట్టారు. పెద్ద ప్రమాదం జరిగినట్టు, జనం కుప్పలుగా వచ్చినట్టు అందరం నటించాలి. రంగు రంగుల అట్టలు పైనుంచి వస్తాయన్నారు, రాలేదు. మా మేట్రన్ నాచారంలో ఒక ఫ్యాన్సీ షాపుకు పోయి, బడిపిల్లల జడలకు కట్టే రిబ్బన్లు నాలుగు రంగుల్లో కొనుక్కొచ్చింది. "మణికట్టుకు కట్టండి, సరిపోద్ది" అంది. డ్రిల్‌లో స్ట్రెచర్ అన్నకు నల్ల రిబ్బన్ వచ్చింది. అంటే ఆయన చనిపోయినట్టు పడుకోవాలి. నేను అటు తిరిగి ఇటు తిరిగేసరికి ఆయన చేతికి ఆకుపచ్చ రిబ్బన్ ఉంది, అంబులెన్స్ డ్రైవర్ చేతికి నలుపు.

"ఏంటన్నా ఇది?" అన్నాను.

"శుక్రవారం పూట నేనెందుకు సావాలె సిస్టర్? ఆయనకు పట్టింపు లేదట. బదలాయించుకున్నం" అన్నాడు.

అందరం పడిపడి నవ్వాం. నవ్వి ఊరుకున్నాం. చేతికి కట్టింది విప్పుకోవచ్చని, ఇంకొకరికి కట్టవచ్చని ఆ రోజే మాకు తెలిసింది. అది ఆట కాబట్టి ఆటలో పోయింది.

అసలు రోజు ఎండాకాలం మొదట్లో వచ్చింది. పొద్దుటి రద్దీ తగ్గి, టీ తాగుదామా అనుకుంటున్న వేళ. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న కంపెనీలో గ్యాస్ లీకయిందని అంబులెన్స్ వాళ్ళ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఫోన్ పెట్టేసేలోపే జనం రావడం మొదలైంది. అంబులెన్సులకంటే ముందు ట్రాలీ ఆటోలు వచ్చాయి, బైకుల మీద ముగ్గురు ముగ్గురు వచ్చారు, దగ్గరివాళ్ళు తడి రుమాళ్ళు మూతికి అడ్డం పెట్టుకుని నడిచే వచ్చేశారు. అందరి బట్టల్లోంచీ ఘాటైన బ్లీచింగ్ వాసన. దగ్గులు, ఏడుపులు, ఎర్రబడ్డ కళ్ళు.

ఇలాంటప్పుడు మొదటి పని మందు కాదు, నీళ్ళు. ఒంటి మీద బట్టల్లో ఇంకిన గ్యాస్ పోవాలి, లేకపోతే లోపలికి తీసుకెళ్ళినా అదే పీలుస్తారు. మగవాళ్ళు చొక్కాలు విప్పి పైపు కింద నిలబడ్డారు. ఆడవాళ్ళు మాత్రం కదల్లేదు. నడి ఆవరణలో చీర ఎలా విప్పుతారు? మా ఆయమ్మ ఎవర్నీ అడగలేదు. బీరువాలోంచి దుప్పట్లు లాక్కొచ్చి, సైకిల్ స్టాండుకూ గేటు కమ్మీకీ కట్టి, "రాండ్రి అమ్మా, ఇటు రాండ్రి, నేను కావలుంట, ఎవడొస్తడో సూస్త" అని నిలబడింది. ఆమె ఆ పని చేసి ఉండకపోతే మేమంతా ఎంత చదువుకున్నా సగంమంది ఆడవాళ్ళు విషం పట్టిన బట్టలతోనే కూర్చుని ఉండేవాళ్ళు.

గేటు దగ్గర రంగులు ఇచ్చే పని నాది. అట్టలు అప్పటికీ రాలేదు, డ్రిల్‌లో మిగిలిన రిబ్బన్లే కట్టాలి. లోపల హాల్లో డాక్టరుగారు, కాకినాడ నుంచి కొత్తగా వచ్చిన మా చిన్న సిస్టరు. డాక్టరు కూడా కుర్రవాడే. మంచివాడు. ఆ రోజు ఆయన ఒక్క తప్పూ లేకుండా పనిచేయడం చూశాను. ఆక్సిజన్ ఇచ్చే చోట్లు మాకు కొన్నే ఉన్నాయి. ఎరుపువాళ్ళకు, పసుపువాళ్ళకు అవి. ఆకుపచ్చవాళ్ళను ఓపీ వరండాలో కూర్చోబెట్టాలి.

ఆమె నడుచుకుంటూ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. సన్నటి మనిషి. తడిసిన కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో ఒక అమ్మాయి మోచెయ్యి పట్టుకుని వచ్చింది. అమ్మాయి మూలకు వంగి వాంతి చేసుకుని, మళ్ళీ వచ్చి ఆమె పక్కనే నిలబడింది.

"నాకేం గాలే సిస్టరమ్మ. మా కోడలు ఇది. దీన్ని సూడు ముందుగాల. కక్కుకుంటుంది" అంది పెద్దావిడ.

"ఇద్దర్నీ చూస్తా. నీ చెయ్యి ఇటివ్వు. దగ్గు ఎక్కువుందా?"

"దగ్గా? ఏం లేదు. జర గాబర అయితుంది, గంతే. జర సేపు గాలికి కూసుంటె తగ్గుతది."

ఆ మాట దగ్గర నేను ఆగాను. మా ఇంట్లో గాబరా అంటే కంగారు. భయపడుతున్నావు, మంచినీళ్ళు తాగు అంటారు. మౌలాలి వీధుల్లో గాబర అంటే అది ఒక్కటే కాదు. గుండె దడదడలాడటం గాబర, ఊపిరి అందకపోవడం గాబర, ఒంట్లో ఏదో అవుతోంది కానీ ఏమిటో చెప్పలేకపోవడం కూడా గాబరే. "ఏ పనిల ఉంటివి?" అని అడిగాను. నాకు తెలియకుండానే నా నోటికి వీధి తెలుగు వచ్చేసింది. డ్రమ్ముల కాడ ఉన్నానంది. లీకయింది అక్కడే. మరి కోడలు? ప్యాకింగ్‌లో, అటు దూరంగా, రేకుల షెడ్డు అవతల.

ఊపిరి లెక్కపెట్టాను. రక్తంలో ఆక్సిజన్ చూపే మిషన్ వేలికి పెట్టి చూశాను. అంకె మరీ చెడ్డది కాదు, మంచిదీ కాదు. ఈ రకం గ్యాస్‌తో వచ్చిన చిక్కేమిటంటే అది మొదట ఊరికే ఉన్నట్టుంటుంది. మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, ఇంటికి పోతానంటాడు. తర్వాత నెమ్మదిగా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఆమెకు పసుపు రిబ్బన్ కట్టాను. కోడలి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, వాంతి ఉంది, అంతకుమించి ఏమీ లేదు. ఊపిరి శుభ్రంగా ఉంది. ఆమెకు ఆకుపచ్చ కట్టాను.

"ఇది తియ్యకు. ఇది చూసే లోపలివాళ్ళు నిన్ను ముందు పట్టించుకుంటారు" అని పెద్దావిడకు గట్టిగా చెప్పాను.

ఆమె తన చేతిని చూసుకుంది, కోడలి చేతిని చూసింది. "మరి దానికి?"

"ఆమె వరండాలో కూర్చుంటుంది. డాక్టరు తర్వాత చూస్తారు. ఆమెకు భయం లేదు."

"తర్వాతనా?" అంది.

నేను అప్పటికే పక్కకు తిరిగాను. ఇద్దరు మనుషులు ఇంకొకతన్ని చేతుల మీద మోసుకొస్తున్నారు. అతని చేతికి ఎరుపు కట్టి, స్ట్రెచర్ అన్నను కేకేసి, డాక్టరుకు అప్పగించి వచ్చేసరికి అత్తాకోడళ్ళు అక్కడ లేరు. ఎవరి చోటికి వాళ్ళు వెళ్ళారనుకున్నాను. ఎలా అనుకోకుండా ఉంటాను? వెనక ఇంకో ఆటో ఆగింది.

గేటు దగ్గర రద్దీ పలచబడ్డాక లోపలికి ఒక చుట్టు తిరిగి రావడం నాకు అలవాటు. రంగు కట్టి వదిలేస్తే కాదు, ఆ రంగు ఇంకా నిజమేనా అని మళ్ళీ చూడాలి. మేట్రన్ మా బుర్రల్లోకి దిగగొట్టిన పాఠం అది. ఎరుపువాళ్ళను చూశాను. చేతుల మీద మోసుకొచ్చిన అతను కొంచెం తేరుకుంటున్నాడు. పసుపువాళ్ళ వరసలోకి వచ్చాను.

మా చిన్న సిస్టరు ముఖం సంతోషంగా ఉంది. "మేడమ్, ఈమెకు చాలా బాగుందండీ. ఆక్సిజన్ పెట్టగానే అంకె మొత్తం పెరిగిపోయింది. గ్రీన్‌లోకి పంపించేద్దామా?"

మంచం మీద ఇందాకటి కోడలు కూర్చుని ఉంది. ముఖానికి మాస్కు. తనది కాని చోట కూర్చున్నట్టు ఒదిగి, మంచం అంచు మీద కూర్చుంది. చేతికి పసుపు రిబ్బన్.

ముందు నాకు నా మీదే అనుమానం వచ్చింది. అంత హడావిడిలో రంగు తారుమారు చేశానా? ఆ చెయ్యి పట్టుకుని చూశాను. నర్సులు వేసే ముడి ఒకటుంటుంది, మీకు తెలుసు. బల్లపరుపుగా, చర్మానికి ఒత్తుకోకుండా, లాగితే బిగిసేది. కళ్ళు మూసుకుని కూడా మా చేతులు అదే వేస్తాయి. ఈ రిబ్బన్‌కు ఉన్నది అది కాదు. ఒకదాని మీద ఒకటి మూడు ముళ్ళు గట్టిగా బిగించి, చివరలు లోపలికి మడిచి ఉన్నాయి. గుడిలో కంకణం కట్టేటప్పుడు అలా కడతారు. దర్గాలో దారం కట్టినా అలాగే కడతారు.

"ఇది ఎవరు కట్టిన్రు నీకు?"

"మా అత్తమ్మ" అంది మాస్కు లోపల్నుంచి.

"ఎందుకు?"

"మంచిది, ఉంచుకో అన్నది. నాది ఆమె కట్టుకున్నది."

"ఆమె ఎక్కడుంది?"

"బయట వరండల. నాకేం గాలే, నువ్వు లోపలికి పో అన్నది."

ఆసుపత్రిలో నర్సు పరుగెత్తకూడదు. పరుగెత్తే నర్సును చూస్తే రోగులకు సగం ప్రాణం పోతుందని శిక్షణలో చెప్పేవారు. ఆ రోజు నేను పరుగెత్తాను.

వరండాలో ఆకుపచ్చ రిబ్బన్లవాళ్ళు చాలామందే ఉన్నారు. చాలామంది గట్టిగానే ఉన్నారు. డాక్టరు ఎప్పుడొస్తాడని ఒకాయన నా మీద అరిచాడు. అరవగలిగేవాడికి ఊపిరి ఉంది, అతన్ని దాటి పోయాను. చివరి బెంచీ మీద, గోడవైపు, ఆమె ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి కూర్చుని ఉంది. తల వాలిపోయి ఉంది. పక్కనున్నావిడ నన్ను చూసి వేలు పెదాల మీద పెట్టుకుంది.

"లేపకు సిస్టరమ్మ. ఇప్పుడే కన్నంటుకున్నది. పొద్దటి నుంచి దగ్గి దగ్గి అలిసింది" అంది.

ఆ మాట చెప్పినావిడది ఎంత మంచి మనసో నాకు తెలుసు.  కానీ అత్త నిద్రపోవడం లేదు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఒక్కో ఊపిరికీ భుజాలు లేస్తున్నాయి, మెడ నరాలు తేలుతున్నాయి, ఛాతీలో నీళ్ళు బుడబుడమంటున్నాయి. మాట్లాడటానికి ఊపిరి చాలక ఊరుకుంది, అంతే. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. నన్ను చూసి చెయ్యి కొంచెం అడ్డంగా ఊపింది. నాకేం కాలేదని.

స్ట్రెచర్ అన్న నా ముఖం చూసి బండి తోసుకొచ్చాడు. ఆమెను పడుకోబెట్టకుండా, కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఎత్తి బండి మీద పెట్టాడు. అలాంటివాళ్ళను పడుకోబెడితే ఇంకా ఊపిరాడదని ఆయనకు తెలుసు. అన్నిటికీ జోకులేసే మనిషి, ఆ వరండా పొడుగునా "జరగున్రి, జరగున్రి" అన్న మాట తప్ప ఇంకోటి మాట్లాడలేదు.

హాల్లో ఒక్క ఆక్సిజన్ చోటు కూడా ఖాళీ లేదు. ఎవర్ని లేపాలి అని నేను తల తిప్పేలోపే కోడలు మంచం దిగేసింది. తన ముఖం మీది మాస్కు పీకి, అత్త ముఖానికి తనే పెట్టబోయింది. ఎలా పెట్టాలో తెలియదు, తాడు చెవికి అందడం లేదు. "అత్తమ్మా, పీల్సు. పీల్సు అత్తమ్మా" అంటోంది. నేను ఆ చేతులు పక్కకు తీసి కొత్త మాస్కు పెట్టాను. డాక్టరు వచ్చారు. ఛాతీ మీద స్టెత్ పెట్టి విని, నావైపు ఒక్కసారి చూశారు. తర్వాత మేం మాట్లాడుకున్నవి మందుల పేర్లే.

కోడలిని పక్కకు తీసుకెళ్ళి, కొంచెం కోపంగానే అడిగాను. "నీకేమైందని నీకిచ్చింది? నువ్వు మంచిగనే ఉన్నవు గద."

ఆ అమ్మాయి తల దించుకుంది. ఆయమ్మ వచ్చి గడ్డం పట్టుకుని ముఖం ఎత్తి చూసింది. ఆ వయసు ఆడవాళ్ళ కళ్ళకు ఎక్స్‌రే అవసరం లేదు.

"ఎన్నో నెల బిడ్డా?" అంది.

"మూడు నిండలే. నిండెదాక ఎవ్వలకు జెప్పొద్దన్నది అత్తమ్మ. దిష్టి తగుల్తదని."

అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. గేటు దగ్గర "మా కోడలు ఇది, దీన్ని సూడు ముందుగాల" అన్నప్పుడు ఆ పెద్దావిడ నాలుక చివర ఇంకో ముక్క ఉంది. మూడు నెలలు నిండకుండా దాన్ని పరాయివాళ్ళ ముందు బయటపెట్టకూడదు. అంత విషం మధ్యలో కూడా ఆ కట్టు తప్పలేదు. చెప్పకుండా కోడలిని ముందు చూపించేదెలా? చేతికి పసుపు రంగుది ఏదో కట్టారు. అది ఉన్నవాళ్ళను కాపాడతారని కట్టిన మనిషే చెప్పింది. ఇక్కడ పసుపుతాడు అంటే, కంకణం అంటే అదే కదా. దాన్ని విప్పి, కాపాడాల్సినవాళ్ళ చేతికి కట్టింది. నేను రోగిని చూసి కట్టాను. ఆమె కడుపులో ఉన్నదాన్ని కూడా లెక్కలో వేసుకుంది. నా లెక్క ప్రకారం అది తప్పు. ఆ తప్పు ఆమెను చంపేసేలా ఉంది.

ఆమెను ఐసీయూలోకి తీసుకెళ్ళి, ఊపిరిని లోపలికి నెట్టే బిగుతు మాస్కు మిషన్ పెట్టారు. కొడుకు చర్లపల్లి వైపు ఎక్కడో లారీ లోడింగ్‌లో ఉండి సాయంత్రానికి వచ్చాడు. తల్లికి ఎలా ఉందని అడగలేక, నీళ్ళ బాటిల్ మూత బిగిస్తూ విప్పుతూ నిలబడ్డాడు. డాక్టరు బయటికొచ్చి, పరిస్థితి చెడ్డగానే ఉందని, తెల్లారితే గానీ చెప్పలేమని ఉన్నదున్నట్టు చెప్పారు. కోడలు గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. కుర్చీలో కూర్చోమంటే కూర్చోదు. ఆయమ్మ ఇడ్లీ తెచ్చిస్తే ముట్టలేదు.

మా చిన్న సిస్టరు డ్రెస్సింగ్ గదిలో ఏడుస్తోంది. "నేను రిబ్బన్ చూశానండీ, మనిషిని చూడలేదు. చూస్తే తెలిసేదే కదా ఆమెకు ఏం లేదని. బాగైపోయిందని సంబరపడ్డాను" అంది.

నేను తిట్టడానికే వెళ్ళాను, నిజం చెప్పాలంటే. ఆ ముఖం చూశాక తిట్టబుద్ధి కాలేదు. ఆ పిల్ల చేసిందల్లా నేను కట్టిన రంగును నమ్మడం. అంత రద్దీలో ఒకరు కట్టింది ఇంకొకరు నమ్మకపోతే పని నడవదు. నమ్మి వదిలేసినా నడవదు. ఈ రెంటి మధ్యనే మన ఉద్యోగమంతా ఉందమ్మా అని చెప్పి, ముఖం కడుక్కు రమ్మన్నాను. వెళ్ళి కడుక్కుని వచ్చి, మళ్ళీ పనిలో దిగింది. ఇప్పుడు ఆమె ఎక్కడో పెద్ద ఆసుపత్రిలో ఇన్‌ఛార్జి. తన కింద పిల్లలకు మొదటి రోజే రంగు చూడకండి, ముఖం చూడండి అని చెబుతుందట.

ఆ రాత్రి నేను ఇంటికి పోలేదు. నేనుండి చేసేదేమీ లేదు, రాత్రి డ్యూటీవాళ్ళు ఉన్నారు. అయినా ఐసీయూ బయటే కూర్చున్నాను.

పొద్దున్నే మిషన్ మీద అంకెలు నిలబడ్డాయి. డాక్టరు బిగుతు మాస్కు తీసి మామూలుది పెట్టమన్నారు. తీసి, ఇంకోటి పెట్టేలోపు ఆ కాస్త ఎడంలో ఆమె పెదాలు కదిలాయి. వంగి విన్నాను. గొంతు మొత్తం బొంగురుపోయి ఉంది.

"పిల్ల తిన్నదా?"

నేను బయటికి వచ్చాను. కోడలు అలాగే గోడకు ఆనుకుని ఉంది. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయింది. ఆ ముఖం చూస్తే తెలుస్తోంది, నేను చెడ్డ కబురే తెచ్చానని అనుకుంటోంది.

"మీ అత్తమ్మ కండ్లు తెరిసింది. నువ్వు తిన్నవా అని అడుగుతుంది. ఏం జెప్పాలె?" అన్నాను.

ఆ అమ్మాయి గట్టిగా ఏడ్చింది. వరండా అంతా వినపడేలా ఏడ్చింది. నేను ఏడవనిచ్చాను. క్యాంటీన్ నుంచి ఉప్మా తెప్పించి పక్కనే నేల మీద కూర్చున్నాను. ఏడుస్తూనే ప్లేటు అందుకుంది. మొదటి ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఆగింది.

"నువ్వు తిన్నవా సిస్టరమ్మ?" అంది.

ముందురోజు పొద్దుటి నుంచి నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు. నన్ను నేను కూడా అడగలేదు. నా నోటి దురుసు, నా హోదా, అన్నీ ఆ ఒక్క మాటకు కరిగిపోయాయి. ఇద్దరం ఒకే ప్లేటులో తిన్నాం. స్ట్రెచర్ అన్న అటుగా పోతూ చూసి, చూడనట్టు పోయాడు.

మణికట్టుకు రిబ్బన్ కట్టడం మేం ఆ తర్వాత మానేశాం. ప్లాస్టర్ మీద పేరూ రంగూ రాసి, భుజం మీద అంటించడం మొదలుపెట్టాం. ప్లాస్టరైనా పీకేవాళ్ళు పీకుతారు. అందుకే ఒకరికి అదే పని అప్పగించాం, ఊరికే తిరుగుతూ ఉండటం, అందర్నీ మళ్ళీ మళ్ళీ చూడటం. ఎవరి ముందు ఎవరు కూర్చున్నారు, ఎవరు ఎవరిని తోసి తను వెనక్కి తగ్గుతున్నారు అని కూడా చూడమన్నాం. మీకూ అదే చెబుతున్నాను. మన వైపు తోసుకుని ముందుకొచ్చేవాళ్ళను కనిపెట్టడం తేలిక. వెనక్కి తగ్గేవాళ్ళను వెతికి పట్టుకోవాలి.

కొన్ని రోజులకు ఆమెను జనరల్ వార్డుకు మార్చారు. ఊపిరితిత్తులు మునుపటిలా కావని, డ్రమ్ముల పని ఇక కుదరదని డాక్టరు చెప్పారు. బీపీ చూసే నెపంతో వెళ్ళాను. నాలుగు మాటలు అనాలని గట్టిగా అనుకునే వెళ్ళాను. తియ్యొద్దని చెప్పాక తీస్తావా, నిన్ను బతికించడానికి మేం పడ్డ పాట్లు తెలుసా అని మనసులో అంతా సర్దిపెట్టుకున్నాను.

నాకంటే ముందే అక్కడ తిట్లు నడుస్తున్నాయి. మంచం పక్క స్టూలు మీద కూర్చుని, కోడలు గిన్నెలో పెరుగన్నం పిసుకుతోంది. పిసుకుతూనే అంటోంది.

"నన్ను అడిగినవా? కట్టెటప్పుడు నన్ను ఒక్క మాట అడిగినవా?"

"నిన్నేం అడుగుడు? కడుపుతోని ఉన్నదానివి" అంది అత్త.

"నువ్వు పోతె నేనేం జెప్పాలె పుట్టెటోళ్ళకు? మీ నాయనమ్మ పానం ఇడిసిపెడ్తె నువ్వు పుట్టినవని జెప్పాలెనా? గది ఇనుకుంట పెరగాలెనా ఆ బిడ్డ?"

పెద్దావిడ పైకప్పు వైపు ముఖం తిప్పుకుంది. తర్వాత నన్ను చూసి, దారి దొరికినట్టు, "సూడు సిస్టరమ్మ. మూడు దినాల సంది గిట్లనే. బతికిన దగ్గర్నుంచి తిడుతనే ఉన్నది. నువ్వన్న జెప్పు దీనికి" అంది.

నేను తెచ్చుకున్న మాటలన్నీ గొంతులోనే మింగేశాను. తిట్టే హక్కున్న మనిషి తిడుతోంది, అంతకంటే బాగా తిట్టడం నాకు రాదు. బీపీ పట్టీ చేతికి చుట్టి, గాలి కొడుతూ, "నేనెందుకు జెప్తా? తిట్టనీ. నిన్ను బతికించింది ఆమె తిట్లు నువ్వు ఇనాలనే" అన్నాను.

కోడలి కళ్ళలోంచి నీళ్ళు గిన్నెలో పడబోయాయి. భుజానికి తుడుచుకుని, ముద్ద చేసి, కోపంగానే అత్త నోటి ముందు పెట్టింది. ఆమె మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఇక తప్పదన్నట్టు నోరు తెరిచింది.